బొటనవేలి కింద మీట

"బ్యాటరీ మార్చారా?"

"నిన్ననే మార్చాను బాబూ. పాతదీ అయిపోలేదు. దాన్ని గోడ గడియారంలో వేస్తే శుభ్రంగా తిరుగుతోంది."

"మరి ఈ మీట కనెక్షన్ ఎప్పుడు తెగుతుంది? కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టినప్పుడా?"

"దానికి బుద్ధి పుట్టినప్పుడు. ఎక్కువగా సాయంత్రాలు. మా అమ్మాయి వీడియో కాల్ చేసే వేళకి సరిగ్గా తెగి కూచుంటుంది."

"రోజూనా?"

"మీకు తెలియదా? ఆ అమ్మాయే కదా మిమ్మల్ని పంపింది. చెప్పే ఉంటుంది."

"చెప్పారు, చెప్పారు. ఏదో కనెక్షన్ నిలవట్లేదన్నారు. నేను కంప్యూటర్లు బాగుచేస్తాను గానీ అమ్మా, ఇలాంటిది చూడటం ఇదే మొదలు. సార్‌కి కదిలేది ఆ కుడిచేతి బొటనవేలొక్కటేనా?"

"బొటనవేలు, కళ్ళు. పక్షవాతం వదిలిపెట్టినవి అంతే. నోరు మొత్తం తీసుకుపోయింది. చెవులు మాత్రం పాము చెవులు. మీరు గుసగుసలాడినా వినపడుతుంది, జాగ్రత్త."

"నమస్తే సార్. రెప్ప కొట్టారు. అంటే నమస్కారమేనా?"

"ఏమో. దుమ్ము పడిందేమో."

"నాకు అర్థమైందేమిటంటే, తెర మీద అక్షరాలు వరసగా ఉంటాయి. వాటి మీద పచ్చ గడి ఒకటి దానంతటదే నడుస్తుంటుంది. కావలసిన అక్షరం దగ్గరికి రాగానే సార్ వేలితో ఈ మీట నొక్కుతారు. మాట పూర్తయితే కంప్యూటర్ పైకి చదువుతుంది. అంతేనా?"

"అంతే. 'మంచినీళ్ళు' అనడానికి, నేను లేచి గ్లాసు కడిగి, నీళ్ళు పట్టి తెచ్చేంతసేపు పడుతుంది. 'మంచి' దగ్గరే నాకు తెలిసిపోతుందిగా, తెచ్చేస్తాను. తాగరు. మాట పూర్తవ్వాలి, కంప్యూటర్ అనాలి, అప్పుడు తాగుతారు. అందాకా నేను గ్లాసు పట్టుకుని నిలబడాలి."

"కంప్యూటర్ తెలుగులోనే పలుకుతుందా?"

"పలుకుతుంది. గొంతు విన్నారా? ఆడగొంతు. తెలుగులో ఆ కంపెనీవాళ్ళ దగ్గర అదొక్కటే ఉందట. బస్టాండులో బస్సులు పిలిచే పిల్లలా ఎంత తియ్యగా ఉంటుందో! ఆ గొంతుతో 'బుద్ధిలేనిదానా' అంటుంటే ఒక్కోసారి నవ్వొస్తుంది బాబూ. నవ్వితే మళ్ళీ నొక్కుతారు. మళ్ళీ అంటుంది."

"హహ... సారీ సార్. అమ్మా, ఒక్కోసారి ఈ పరికరాలు ఇంకోదాన్ని పట్టుకుంటాయి. మీ ఫోనుతో కలిసిపోతోందేమో. మీ ఫోనులో బ్లూటూత్ ఆన్‌లో ఉందా?"

"నాది బొత్తాల ఫోను. దాన్ని ఎవరూ పట్టుకోరు."

"పక్కింటివాళ్ళది?"

"ఓసారి అయింది. మీట కాదు, గొంతు. మా కంప్యూటర్ పోయి పక్కింటివాళ్ళ స్పీకర్‌ని పట్టుకుంది. ఇక్కడ ఈయన నొక్కుతున్నారు, అక్కడ వాళ్ళ హాల్లో 'ఎక్కడ చచ్చావే' అని వినపడుతోంది. పాపం వాళ్ళ కోడలు తడిచేతులతో పరిగెత్తుకొచ్చిందట, వాళ్ళ అత్తగారే పిలిచిందనుకుని."

"అయ్యో! ఆ తర్వాత?"

"తర్వాతేముంది, వాళ్ళు స్పీకర్ తీసి బెడ్‌రూములో పెట్టుకున్నారు. ఆ పిల్ల నన్ను చూసినప్పుడల్లా ఓ రకంగా నవ్వుతుంది. ఒకే బడిలో చదువుకున్నవాళ్ళం కదా అన్నట్టు."

"సరే, పక్కిల్లు కాదు. సిగ్నల్‌కి అడ్డంపడే ఇనుప మంచమూ కాదు, చెక్కదే. కరెంటు ఆదా కోసం కంప్యూటర్ బ్లూటూత్‌ని నిద్రపుచ్చుతోందేమోనని అదీ చూశాను, ఆ సెట్టింగ్ తీసేసే ఉంది. మీరే తీశారా?"

"అమ్మాయి ఫోనులో చెబుతుంటే తీశాను. అప్పుడింకా నాతో మాట్లాడేది."

"ఇప్పుడు మాట్లాడట్లేదా?"

"మీరు పని చూసుకోండి బాబూ."

"చూస్తున్నానమ్మా. ఇదిగో, ఇక్కడో సంగతుంది. తెగిపోవడం వేరు, తీసెయ్యడం వేరు. సిగ్నల్ అందక తెగిపోతే మీట పేరు ఇక్కడ అలాగే ఉంటుంది, పక్కన 'కలవలేదు' అని చూపిస్తుంది. ఇక్కడ పేరే లేదు. అంటే ఎవరో దీన్ని పట్టుకుని 'తీసెయ్' అని నొక్కారు. 'నిజంగా తీసెయ్యాలా' అని కంప్యూటర్ అడిగితే 'అవును' అన్నారు. ఇది దానంతటది జరిగేది కాదు."

"ఊఁ."

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

"ఇద్దరం. ఒకరికి వేలొకటే కదులుతుంది. ఇంకొకరికి అన్నీ కదులుతాయి. మీరే తేల్చుకోండి."

"అయ్యో, నా ఉద్దేశం అది కాదమ్మా..."

"అదే. మా అమ్మాయి మిమ్మల్ని ఈ మీటని చూడమని పంపిందా, నన్ను చూడమని పంపిందా?"

"ఏంటమ్మా అలా... మేడం అంత మాట... ఎవరన్నా కావాలని తీస్తున్నారేమో కనిపెట్టమన్నారు. అంతే."

"ఎవరన్నా."

"ఎవరన్నా అనే అన్నారు."

"మంచి పిల్ల. నా పేరెత్తలేదన్నమాట. రేపు ఆదివారం కారు తెస్తానంది, వాళ్ళ నాన్నని తనింటికి తీసుకుపోతుందట. నన్ను రావద్దంది. నా చేతి కింద ఉంటే ఆయన్ని మూగవాణ్ణి చేసి చంపుతానట. రోజూ కాల్ చేస్తుంది, నేను ఎత్తితే 'నాన్నకివ్వు' అంటుంది. నాతో ఆ రెండు మాటలే. మనవరాలు తెర మీదికొచ్చి 'అమ్మమ్మా' అంటే చెయ్యి పట్టి పక్కకి లాగేస్తుంది."

"ఎందుకంత అనుమానం వచ్చిందంటారు?"

"ఆయన్ని అడిగింది. 'నాన్నా, ఇది రోజూ ఎందుకు పోతోంది' అని. ఈయన సావకాశంగా ఒక్కో అక్షరం నొక్కి చెప్పారు, 'మీ అమ్మని అడుగు' అని."

"అంతేనా? ఇంకేం అనలేదా?"

"అంతే. అది చాలుగా. ఆ బస్టాండు పిల్ల గొంతుతో విన్నారంటే మీరైనా నమ్ముతారు."

"అమ్మా, ఏమనుకోకండి. నేను మేడంకి ఏదో ఒకటి చెప్పాలి. సూటిగా అడుగుతున్నా. మీరు తీశారా?"

"తియ్యాలని అనిపించలేదా అని అడగండి, చెబుతాను."

"అనిపించిందా?"

"ఆయన పడిపోయాక కొన్నాళ్ళు ఈ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదో మీకేం తెలుసు. కుక్కర్ కూత అయిపోయాక ఆవిరి సన్నగా పోతుంది చూశారా, ఆ చప్పుడు మొదటిసారి విన్నాను. పెళ్ళయినప్పట్నుంచీ అది ఉండే ఉంటుంది, నాకే వినపడలేదు. ఆ తర్వాత అమ్మాయి ఇది తెచ్చింది. అందరం మంచం చుట్టూ చేరాం. నాన్న మళ్ళీ మాట్లాడతాడని అది ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది. అల్లుడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఈయన నొక్కుతున్నారు, నొక్కుతున్నారు. అమ్మాయి పేరే అంటారనుకున్నాం. మనవరాలి పేరనుకున్నాం."

"ఏమన్నారు?"

"'కూరలో ఉప్పెక్కువ.'"

"ఉప్పా!"

"అందరూ ఎంత నవ్వారో! 'నాన్న మారలేదు, నాన్న మన నాన్నే' అని అమ్మాయి ఆయన్ని వాటేసుకుంది. నేనూ నవ్వాను. వంటింట్లోకి వెళ్ళి కూర రుచి చూశాను. ఉప్పు సరిపోయింది."

"సార్ మొదట్నుంచీ అంతేనా అమ్మా?"

"తలుపు వారగా తీస్తే ఎందుకు తీశావు, బార్లా తీస్తే ఎందుకు తీశావు. మా నాన్న పోయారని కబురొచ్చినప్పుడు కూడా 'ముందు ఆ పొయ్యి కట్టేసి ఏడువు' అన్నారు. తప్పు మాటేం కాదు, పొయ్యి మీద పాలున్నాయి. ఆయన మాటలన్నీ అంతే, ఒక్కటీ తప్పు పట్టలేం. ఇది తెగిన రోజున నేను కూచుని అన్నం తింటాను బాబూ. పీట వాల్చుకుని, పళ్ళెం ముందు పెట్టుకుని. మామూలు రోజుల్లో గిన్నెలోనే కలుపుకుని నిలబడి తినెయ్యడమే."

"తెగిందని సార్‌కి తెలుస్తుందా?"

"ఎందుకు తెలీదు? ఊరికే నొక్కుతూ ఉంటారు. టిక్కు, టిక్కు, టిక్కు. వంటింట్లోకి వినపడుతుంది."

"అప్పుడు మీరు?"

"మిక్సీ వేస్తాను."

"మిక్సీయా!"

"అలా చూడకండి. నేను తియ్యలేదు. తీసే ధైర్యం ఉంటే ఎప్పుడో తీసేదాన్ని. తెగాక కలపడం మాత్రం ఆలస్యం చేస్తాను. అది నా తప్పు, రాసుకోండి."

"రాసుకోవడానికేం లేదమ్మా. కలపడమెలాగో చూపించండి ఓసారి."

"ఏముంది, మంచం మీద ఇలా ఆయన పక్కన కూచోవాలి. చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని, వేలు పక్కకి తీసి, మీట వెనక ఈ సన్న బొత్తాం పిన్నీసుతో నొక్కి పట్టుకోవాలి. ఈ నీలం దీపం కొట్టుకునేదాకా. జరగండి కాస్త... ఆ కంప్యూటర్‌లో మీరు 'కలుపు' నొక్కండి."

"నొక్కాను. ఇంకా కనపడట్లేదు."

"చెయ్యి వణుకుతుంది ఆయనది. పిన్నీసు జారిపోతుంది. ఒక్కోసారి గంట పడుతుంది."

"గంటా! రెండు నిమిషాల పనమ్మా ఇది."

"మీ చేతికి రెండు నిమిషాలు. ఆఁ, కొట్టుకుంటోంది."

"వచ్చింది. కలిసింది. సార్, ఏదన్నా ఒకటి చెప్పండి. గడి నడుస్తోంది... నొక్కారు... 'ఎ'... 'వ'... ఆగండి, ఆ గొంతే చదువుతుంది."

"ఎవడు వీడు."

"నన్నేనా?"

"మిమ్మల్నే. ముందే చెప్పానుగా."

"పర్లేదమ్మా, సార్ హుషారుగానే ఉన్నారు. ఇప్పుడొక పని చేద్దాం. మీరు లేచి ఆ గుమ్మంలో నిలబడండి. చేతులు నాకు కనపడేలా పెట్టుకోండి. తప్పుగా అనుకోకండి, మేడంకి నేను ఖాయంగా చెప్పాలి కదా."

"ఇవిగో చేతులు. తాడు కూడా తెచ్చుకున్నారా, కట్టెయ్యడానికి?"

"అయ్యో అమ్మా. సార్, పనైపోయింది, నేను వెళ్తున్నా. ఈ వైర్లు బ్యాగులో సర్దుకుంటా... అటు తిరిగి కూచుంటానమ్మా. మీరు అక్కడే ఉండండి."

"ఇక్కడే ఉన్నాను."

"అమ్మా, రెండడుగులు ఇటు రండి. ఈ బీరువా అద్దంలో తెర చూడండి. మన మాటలు వినపడుతున్నా సార్ ఆగట్లేదు."

"ఆ గడి అక్షరాల మీద లేదే."

"లేదు. కిందికి దిగింది. సార్ ఈ మీటతో కంప్యూటర్ మొత్తం నడపగలరు, అది మనం ఆలోచించలేదు. చూడండి, సెట్టింగ్స్ దగ్గరికి... నొక్కారు. బ్లూటూత్... నొక్కారు."

"వేలు జారిందేమో."

"జారితే ఇంత వరసగా జారదమ్మా. మీట పేరు... 'తీసెయ్'... గడి దాటిపోయింది. మళ్ళీ చుట్టూ తిరిగి రావాలి. వస్తోంది, వస్తోంది... నొక్కారు. 'నిజంగా తీసెయ్యాలా?'"

"ఏమండీ!"

"'అవును.' పోయింది. ఇక సార్ నొక్కినా ఏమీ పలకదు. అమ్మా, కూచోండి. మంచినీళ్ళు తేనా?"

"ఎదుటివాడికి అపశకునం కావాలని ముక్కు కోసుకున్నాడట ఒకడు. కథల్లోనే ఉంటారనుకున్నాను. ఏమండీ, ఇటు చూడండి. కళ్ళు మూసుకోకండి, వినపడుతుందని నాకు తెలుసు. దేవుడు మీకు ఒక్క వేలు మిగిల్చాడు. దాంతో ఈ పని చేశారా? అమ్మాయి 'నువ్వొక మనిషివేనా అమ్మా' అన్నప్పుడు నేను ఈ మంచం పక్కనే నిలబడి ఉన్నాను. మీరు చూస్తూనే ఉన్నారు. 'కాదు' అని రెండక్షరాలు. రెండే. నొక్కలేకపోయారా?"

"సార్ కళ్ళు తెరవట్లేదమ్మా."

"తెరవరు. పాలు విరిగితే గిన్నెది తప్పు, కాలు జారితే నేలది తప్పు. ఇప్పుడు నోరు పోతే..."

"నేను మేడంకి ఫోన్ చేస్తా. ఇప్పుడే, మీ ఎదురుగానే. హలో, మేడం. అవును మేడం, ఇంట్లోనే ఉన్నా. కనిపెట్టాను. కాదు మేడం, అమ్మగారు కాదు. కాదండీ. సారే. అవును, సార్ తనే తీసేసుకుంటున్నారు. నా రెండు కళ్ళతో చూశాను, అమ్మగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎందుకంటే నేనేం చెప్పగలను మేడం. అయ్యో, ఏడవకండి. ఆఁ. ఆఁ. అలాగే. ఉన్నారు, ఇస్తాను. అమ్మా, మీతో మాట్లాడతారట. ఏడుస్తున్నారు."

"పొయ్యి మీద పాలున్నాయని చెప్పండి."

"అమ్మా, పాపం..."

"చెప్పండి బాబూ. మళ్ళీ చేస్తానని చెప్పండి."

"మేడం, పొయ్యి మీద ఏదో ఉందట, తర్వాత చేస్తారట. అలాగే. చెబుతాను. ఉంటా మేడం."

"ఏమంటుంది?"

"క్షమించమన్నారు. ఎన్నిసార్లన్నారో! పాపని తీసుకుని వస్తారట. ఆదివారం కారు కూడా వద్దనేస్తారట. నాన్నగారు మీ దగ్గరే ఉండటం మంచిదని ఇప్పుడు తెలిసొచ్చిందట."

"వద్దనేస్తుందా?"

"వద్దనేస్తారమ్మా. ఇక తీసుకెళ్ళరు. మీకు సంతోషమేగా?"

"ఊఁ. పాప వస్తుందిగా."

"ఇక నేను చెయ్యాల్సింది ఒకటుంది. సార్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళకుండా తాళం వేసేస్తా. అక్షరాలు తప్ప ఇంకేదీ నొక్కలేరు. ముందు మళ్ళీ కలపాలి. సార్, చెయ్యి ఇవ్వండి. అబ్బ! బొటనవేలు అరచేతిలోకి ముడిచేశారు. రాయిలా ఉంది. సార్, విరగ్గొట్టలేను కదా, కాస్త వదలండి. వదలట్లేదమ్మా."

"వదలరు. మొండిఘటం."

"మీరు కూచోండోసారి. మీ చెయ్యి అలవాటు కదా."

"లేవండైతే. ఏదీ, ఇవ్వండి చెయ్యి."

"అరె, వదిలేశారు! మీరిలా కూచున్నారో లేదో విప్పేశారు. వణకట్లేదు కూడా. ఇందాక గంటన్నారు, ఇదిగో, దీపం అప్పుడే కొట్టుకుంటోంది."

"చిత్రంగానే ఉంది."

"కలిసింది. తాళం వేసే ముందు నేనే అడుగుతా. సార్, నేను పరాయివాణ్ణి, నామీద కోపమొచ్చినా పర్లేదు. మాట్లాడే దారి ఇదొక్కటే కదా మీకు. దీన్ని రోజూ మీ చేత్తో మీరే ఎందుకు మూసేసుకుంటున్నారు సార్? నొక్కండి. మేం కూచుంటాం."

"నాకు పనుంది బాబూ."

"ఒక్క నిమిషం అమ్మా, లేవకండి. నొక్కుతున్నారు. 'క'... 'లి'... 'పే'... 'కలిపే'... పెద్దదే చెబుతున్నట్టున్నారు. గడి దాటిపోయింది, మళ్ళీ తిరిగొస్తోంది... సార్‌కి చెమట పడుతోంది, తుడవండమ్మా. అయిపోయినట్టుంది. చదువుతుంది, వినండి."

"కలిపేటప్పుడు తప్ప అది నా పక్కన కూచోదు."

"మళ్ళీ నొక్కారు. ఇంకోసారి చదువుతోంది."

"కలిపేటప్పుడు తప్ప అది నా పక్కన కూచోదు."

"అమ్మా... ఇదా సంగతి! మీరు పక్కన కూచుని చెయ్యి పట్టుకుంటారని... మాట పోయినా పర్లేదని... అయ్యో, నేను ఏవేవో అనుకున్నాను. సార్, ఇంత మనసు పెట్టుకుని... ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాలి ఇది. అమ్మా, తాళాలూ వద్దు, ఏమీ వద్దు. రోజూ సాయంత్రం ఓ పావుగంట మీరిలా కూచోండి చాలు. ఇది ఇక జన్మలో తెగదు. రిపేరంటే ఇదే."

"ఇంతేనా బాబూ?"

"ఇంతేనమ్మా."

"అయితే ఒక్క సాయం చెయ్యండి. నేను దగ్గరికి రాకుండా, ఆ గుమ్మంలో నిలబడే దీన్ని కలిపే మార్గం ఏదన్నా ఉంటే అది నేర్పించి వెళ్ళండి."